నాలుగేళ్లు వాడుకొని ఇంటికి పొమ్మంటారా?

సరిహద్దు పోస్టులో ఆఖరి రోజులంటే జవానుకు పండగ లెక్క. ట్రంకు పెట్టె సర్దుకుంటాడు. ఫోన్ సిగ్నల్ దొరికిన చోట నిలబడి ‘అమ్మా, వస్తున్ననే’ అంటాడు. కాజీపేటలో రైలు దిగే రోజు కోసం మంచులో కాళ్లు కొయ్యబారినా ఓర్చుకుంటాడు. అగ్నివీరుడికి ఆ పండగ కూడా లేకుండా చేశారు. నాలుగేళ్లు నిండే వేళ అతడికి మిగిలేది ఒకటే లెక్క: నూటికి సైన్యంలో ఉంచుకునే 25 మందిలో నేనుంటానా, పొమ్మనే 75 మందిలో ఉంటానా? ఒకే బ్యారక్‌లో పక్క మంచం మీద పడుకునే దోస్తే పోటీదారు. చావుకైనా బతుక్కైనా ఒకరికొకరు అండగా ఉండాల్సిన వాళ్ల మధ్య ఇలాంటి పోటీ పెట్టడానికి మనసెలా వచ్చింది?

ఈ ప్రశ్నకు ఓరుగల్లు ఒక ప్రాణమే చెల్లించింది. 2022 జూన్ 14న కేంద్రం, నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. మూడు రోజులకు, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో దానిపై నిరసన తెలుపుతున్న యువకుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో దామెర రాకేశ్ నేలకొరిగాడు. వరంగల్ జిల్లా ఖానాపూర్ మండలం దబీర్‌పేట బిడ్డ. కరోనా పేరు చెప్పి రెండేళ్లు సైన్యంలో భర్తీలు ఆపారు. పరుగులో నెగ్గి, వైద్య పరీక్షలు దాటి, రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్న పిల్లల ఆశను ఒక్క ప్రకటనతో రద్దు చేశారు. ‘నాలుగేండ్ల తర్వాత మా గతేంది?’ అని వాళ్లు అడిగారు. రాష్ట్ర ప్రభుత్వం రాకేశ్ కుటుంబానికి 25 లక్షల పరిహారం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. పిల్లలు అడిగిన ప్రశ్న మాత్రం స్టేషన్‌లోనే పడి ఉంది.

ఆ ఏడాది చివర శిక్షణకు వెళ్లిన మొదటి బ్యాచ్‌కు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. వాళ్ల చేతికి వచ్చేది సేవానిధి, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు. అందులో సగం వాళ్ల జీతంలోంచి నెలనెలా 30 శాతం కోసి దాచిందే. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడన్న హోదా లేదు, ఆ హోదాతో వచ్చే వైద్యమూ లేదు. రెగ్యులర్ జవానుకు ఏడాదికి 90 రోజుల సెలవుంటే వీళ్లకు 30 రోజులు. తూటా మాత్రం రెగ్యులరా, అగ్నివీరా అని అడిగి తగలదు కదా!

శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ మురళీ నాయక్‌ను చూడండి. 2022 డిసెంబరులో అగ్నివీరుడిగా చేరాడు. 2025 మే 9న, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, జమ్ముకశ్మీర్‌లోని నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. ఊరంతా కదిలింది, నాయకులు వరసకట్టారు. బీమా సొమ్ము, ఎక్స్‌గ్రేషియా నిబంధనల్లో ఉన్నాయి, కుటుంబ పింఛను లేదు. అదే హక్కు కోసం కన్నతల్లి బాంబే హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. జెండా కప్పిన చేతులకు ఆ తల్లి ఎదుట సిగ్గనిపించలేదా?

కోపం ఢిల్లీ మీద ఒక్కటే కాదు, మన మీద కూడా. తెల్లారకముందే హన్మకొండ మైదానాల్లో వందల మంది పోరగాళ్లు పరుగెత్తుతుంటే వాకింగ్‌కు వచ్చిన మనం మెచ్చుకోలుగా చూసి పోతాం. ఆగస్టు 15న సెల్యూట్ కొడతాం. వాళ్లే పాతికేళ్లు నిండకుండా పెట్టె పట్టుకొని తిరిగొస్తే ‘నాలుగేండ్ల నౌకరేనా?’ అని పెదవి విరుస్తాం. డిగ్రీ చదవాల్సిన వయసంతా పహరాలో పోయింది. తోటివాళ్లు గ్రూప్స్ పుస్తకాలు తిరగేసిన ఏళ్లలో వీళ్లు తుపాకీ పట్టుకొని మేలుకున్నారు, మనం నిద్రపోవడానికి.

హర్యానా 2024లో పోలీసు ఉద్యోగాల్లో 10 శాతం, ఉత్తరప్రదేశ్ 2025లో 20 శాతం అగ్నివీరులకు ప్రకటించాయి. అది దయ చూపడం కాదు, కనీస బాధ్యత. రాకేశ్ పాడె మోసిన తెలంగాణలో ఆ మాత్రం బాధ్యత జీవోగా రావాలి. పోలీసు, ఫైర్, అటవీ, ఆర్టీసీ ఉద్యోగాల్లో వాటా చెప్పండి. తిరిగొచ్చే వాళ్ల పేర్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో రాసుకోండి, మాజీ సైనికుల వరసలో నిలబెట్టండి. కేంద్రం మిగతా 75 మందికి సర్వీసు పొడిగించాలి, లేదా పింఛను ఇవ్వాలి. అప్పటిదాకా మా పిల్లల వీరత్వం గురించి ఏ వేదిక మీదా మాట్లాడొద్దు. ఆ అర్హత మీకు లేదు.