మాయమైపోని మాయావాళ్ళు

పోయినేడు డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు అందరం కలిసి మెక్సికోలోని చిచెన్ ఇట్సా చూసొచ్చాం. కుకుల్కాన్ గుడికి ఒక్కో వైపు 91 మెట్లు. నాలుగు వైపులవీ, పైన అరుగూ కలిపితే 365. గుడి ముందు నిలబడి చప్పట్లు కొడితే పక్షి కూతలా తిరిగి వినిపిస్తుంది. అందరిలాగే నేనూ కొట్టి మురిసిపోయాను.

"ఇది కట్టినవాళ్ళు ఏమయ్యారు?" అని చెల్లెలి కూతురు ఇంగ్లీషులో అడిగింది. దానికి తెలుగు రాదు. మా మరిదిగారు నవ్వుతూ, "మాయావాళ్ళు కదా, మాయమైపోయారు!" అన్నారు. అందరం నవ్వాం.

తిరిగొస్తుంటే చెట్ల నీడన కుట్టుపని చేసిన జాకెట్లు అమ్ముతూ ఒకావిడ కనిపించింది. మాతో స్పానిష్‌లో బేరమాడుతూనే పక్కనున్న కూతురికి మరేదో భాషలో ఏదో పురమాయిస్తోంది. అదేం భాషని గైడుని అడిగాను. "మాయా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. 1562లో ఒక స్పానిష్ మతగురువు మనీ అనే ఊళ్ళో వాళ్ళ పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించాడు. ఇవాళ ప్రపంచం మొత్తంలో మిగిలినవి నాలుగే. అయినా ఆ యుకటాన్ ప్రాంతంలో ఏడు లక్షలకు పైగా జనం ఇంకా మాయా మాట్లాడుతున్నారు. మొక్కజొన్నను ఇప్పటికీ పాతకాలంలాగే సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి రొట్టెలు చేసుకుంటున్నారు. రాజులు పోయారు, గుళ్ళు పాడుబడ్డాయి. భాషా, వంటా మాత్రం ఇళ్ళల్లో నిలిచాయి. ఇళ్ళల్లో నిలిచాయంటే అందులో ఆడవాళ్ళ చెయ్యి ఎంతుందో మనకి వేరే చెప్పాలా?

అందుకే నా మాట ఒకటి. అలాంటి చోట్లకి వెళితే మెట్లు లెక్కపెట్టండి, ఫొటోలు దిగండి. పిల్లలకి మాత్రం "అంతరించిపోయారు" అని చెప్పకండి. ఎదురుగా ఉన్న మనిషిని చూపించండి.

ఆ రాత్రి హోటల్లో ఈ మాటే అంటే, "ఇక్కడ తెలుగు నేర్పి ఏం లాభం అక్కా?" అంది చెల్లెలు. ఆ జాకెట్లావిడ అమ్మకానికీ మాయా పనికిరాదు కదా, స్పానిషే కావాలి. అయినా కూతురితో మాయాలోనే మాట్లాడుతోంది. చెల్లెలితో వాదించలేదు. తిరిగొచ్చాక ప్రతి ఆదివారం ఆ పిల్లకి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడుతున్నాను. మొన్న, "పెద్దమ్మా, ఏం కూర?" అని అడిగింది.

వంకాయ అని చెప్పాను. ఎలా చేశావని అడిగితే, అదీ తెలుగులోనే చెప్పాను.