డబ్బా మీద గుర్తు



పలాస, కాశీబుగ్గల జీడిపప్పు మీరందరూ తినే వుంటారు. నిండు పప్పును పరిమాణాన్ని బట్టి వేరుచేసి, డబ్బాల మీద 180, 240, 320 అని అంకెలు వేస్తారు. ఒక పౌనుకు సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే పప్పు చిన్నదన్నమాట! మూత తియ్యకుండానే లోపలి సంగతి తెలిసిపోతుంది.

కంప్యూటరులో కూడా యిటువంటి గిడ్డంగి ఒకటుంది. ఫొటోలూ, పాటలూ, పాఠాలూ అందులో ఫైళ్లుగా వుంటాయి. వాటిని వరసగా చూపించే ప్రోగ్రామును విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్ అంటారు. అది గిడ్డంగి గుమాస్తా వంటిది. ఫైలు పేరూ, పరిమాణమూ, తేదీ చెబుతాడు గాని, అన్ని పనులూ ఆ గుమాస్తాకు చేతకావు. అందుకని 1995లో వచ్చిన విండోస్ 95 నుంచీ, యితరులు రాసిన చిన్న ప్రోగ్రాములను అతనికి సహాయకులుగా చేర్చే ఏర్పాటు వుంది. వీటినే ఎక్స్‌టెన్షన్లు అంటారు.

సహాయకుడు ముందుగా తన పేరు గుమాస్తా చిట్టాలో రాయించుకోవాలి. మీరు ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కగానే, గుమాస్తా చిట్టా చూసి, "దీన్ని నువ్వేం చెయ్యగలవు?" అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. "చిన్న మూటగా కట్టగలను," అని ఒకడంటే, ఆ మాట మెనూలో చేరుతుంది. మరొకడు ఫైలు బొమ్మ మూలన ఆకుపచ్చ టిక్కు పెడతాడు. దీని నకలు వేరేచోట కూడా వుందని దాని అర్థం.

సహాయకుడు జవాబు చెప్పకుండా కూర్చుంటే గుమాస్తా కూడా అక్కడే నిలిచిపోతాడు. సహాయకుడు కూలబడితే గుమాస్తానూ వెంట పడేస్తాడు. లినక్స్‌లోని నాటిలస్ అనే గుమాస్తాతో మాత్రం, "నాకు కాస్త వ్యవధి కావాలి, యీలోగా నీ పని చూసుకో," అని చెప్పే వీలుంది. మంచి ప్రోగ్రాము రాసేవారు ఆ వీలును వాడుకుంటారు.

ఇంకొక తమాషా వినండి. విండోస్‌లో యీ మూల గుర్తులకు 15 చోట్లే వున్నాయి. వాటిలోనూ కొన్ని విండోసే తీసుకుంటుంది. మిగిలినవి చిట్టాలో అక్షరక్రమాన ముందున్న వారికి దక్కుతాయి. ఖాళీ జాగా అన్ని అక్షరాల కన్నా ముందు వస్తుంది. అందుకని కొందరు తమ పేర్లకు ముందు ఖాళీ జాగాలు చేర్చి, బడిలో వరస తప్పి దూరే పిల్లల్లాగా ముందుకు వచ్చేశారు! వెనకబడినవారి గుర్తు కనబడదు.

దీనితో మనకేం పని అంటారా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. అంతకుముందు తీసిన తాతగారి తోట ఫొటోలు మీ కంప్యూటరులో వున్నాయనుకోండి. ఆ తోట మళ్లీ చూడాలంటే అవే దిక్కు. టిక్కు లేనంత మాత్రాన నకలు లేదనుకోనక్కరలేదు, దానికి చోటు దొరకలేదేమో! టిక్కు వున్నది కదా అని యిక్కడి ఫొటోను చెరిపేస్తే, చాలా ఏర్పాట్లలో అక్కడి నకలు కూడా చెరిగిపోతుంది.

అందుచేత అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, మరొక నకలు విడిగా తీసి, దాన్ని తెరిచి చూడండి. డబ్బా మీది అంకె మంచిదే, కాని మూత తీసి చూస్తేనే పప్పు సంగతి తేలేది!