మందార పానకము



చైత్రము దాటకమున్నే మా తల్లాడలో మిట్టమధ్యాహ్నము వీథిలో కాకియైన నగపడదు. ఒంటిపూట బడి ముగించుకొని మా యింటివారు చెమటతో తడిసి వచ్చునప్పటికి చల్లనిదేదో చేతి కందింపవలయును. శ్రీరామనవమికి చేయునట్టి మిరియాల పానకమునే దినదినము చేసినచో పిల్లలు మొగము త్రిప్పుకొనుచున్నారు. అందుచే రెండేండ్లనుండి మేము పెరటి మందారపూలతో పానకము చేయుచున్నాము. అమరకోశమున మందారము దేవతరువు లైదింటిలో నొకటి. మన పెరటి యెఱ్ఱపూవునకు సంస్కృతమున జపయని పేరు. తెలుగువారు స్వర్గములోని పేరు తెచ్చి దీనికి పెట్టుకొనిరి. తప్పేమి?

ఒంటిరేకల యెఱ్ఱమందారములు పది పండ్రెండు ఉదయముననే కోయవలయును. పురుగుమందు చల్లిన చెట్టుపూలు, బాటప్రక్క దుమ్ముపడిన పూలు పనికిరావు. పచ్చని తొడిమను, నడుమనుండు పుప్పొడికాడను తీసివైచి, రేకులను రెండు మూడు నీళ్లు కడుగుడు. నాలుగు గ్లాసుల నీరు తెర్లకాచి దించి, అందు రేకులను, చితుకగొట్టిన యల్లపుముక్కను వేసి మూతపెట్టిన పదినిమిషములకు రేకులు వెలవెలబోయి నీరు ఊదారంగు తేలును. వడకట్టి, పటికబెల్లము కరగించి, చల్లారిన పిమ్మట నిమ్మకాయ పిండుడు. అప్పుడు చూడవలయును! ఊదా క్షణములో కెంపువన్నెకు తిరుగును. దీనికొఱకే పిల్లలు వంటయింట గుమిగూడుదురు. పూవులోని రంగు పులుపు తగిలిన నెఱ్ఱవడును, సున్నపుతేట తగిలిన పచ్చవడును; మా యింటివారు దీనినే బడిలో పిల్లలకు చేసి చూపుదురు. మామూలు బెల్లము వేసినచో రుచికి లోటులేదు గాని రంగు మాసిపోవును. రాగి, ఇత్తడి, అల్యూమినియము గిన్నెలు మాత్రము వలదు.

ఇక మంచు. 1833లో అమెరికానుండి ఓడమీద మంచుగడ్డలు కలకత్తాకు వచ్చెను. మదరాసున వానిని దాచుటకు 1842లో ఐస్‌హౌసు కట్టిరి. నాడు దొరల భోగమైనది నేడు మన ఫ్రిజ్జులోనున్నది. కాచి చల్లార్చిన నీటినే గడ్డకట్టించుడు. చేపలు నిలువయుంచుటకు చేసిన ఐసు త్రాగుటకు తగదు. గడ్డకట్టినంత మాత్రమున క్రిములు చావవు. నిరుడు జాతరలో రంగునీళ్ల ఐసు తిని మా చిన్నవాడు మూడు రాత్రులు విరేచనములతో బాధపడినాడు.

మందారములు లేనివారు ఎఱ్ఱగోంగూర పూవు రాలిన పిమ్మట కాయచుట్టు ముదురు రక్షకపత్రములను చలికాలమున ఎండబెట్టి దాచుకొనవచ్చును. ఈజిప్టు, సూడాను దేశములలో కర్కదే యనునది వీనితో చేసినదే. వానికి నిమ్మపులుపు అక్కఱలేదు.

ఒక్క మాట దాచరాదు. మా యాడుబిడ్డ మూడవనెల గర్భముతో పుట్టింటికి వచ్చెను. ఎండబడి వచ్చినది గదా యని మేము ఎఱ్ఱని గ్లాసు చేతికిచ్చితిమి. అత్తగారు లోపలినుండి వచ్చి, "కడుపుతోనున్న పిల్లకు మందారపూలా? వద్దమ్మా" అని గ్లాసు తీసికొనిరి. నాలుగక్షరములు చదివిన గర్వమున మేము, దేవునికి పెట్టు పూవువలన కీడేమని యెదురాడితిమి. మఱునాడు ఖమ్మములో వైద్యురాలి నడుగగా ఆమెయు అత్తగారి మాటయే చెప్పిరి. జంతువులపై జరిగిన పరీక్షలలో మందారపూలు గర్భము నిలువనీయకుండుట కనబడినదట. మనుష్యులలో నిశ్చయముగ తేలకున్నను, గర్భిణులును, బిడ్డకొఱకు ఎదురుచూచువారును మానుటే మేలనిరి. గోంగూర పానీయము రక్తపుపోటును కొంత తగ్గించును గనుక, అందుకై మాత్రలు వాడువారు వైద్యుని అడిగియే త్రాగవలయును. ఆనాడు అత్తగారికి మేము క్షమాపణ చెప్పలేదు. మా యాడుబిడ్డకు మజ్జిగలో కరివేపాకు నలిపి యిచ్చుచుండగా ఆమెయే నవ్వి యూరకుండిరి.

మిగిలిన పానకము ఫ్రిజ్జులో మఱునాటివఱకు నిలుచును. ఆపై మిగిలినది పాఱబోయుడు.