లిస్టులో పేరు లేని రోజు

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం. మా వాడు గ్రౌండు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా బాల్కనీలో కూర్చున్నాడు. ఫుట్‌బాల్ జట్టు సెలెక్షన్ లిస్టు ఆ రోజే పెట్టారు. అందులో వీడి పేరు లేదు. పొయ్యి మీద పప్పు కలుపుతూ వంటింట్లోంచే అనేశాను, "పోనీలే నాన్నా, అదొకటి అయిపోయింది. ఇక బుద్ధిగా టెన్త్ సంగతి చూసుకో" అని. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు.

వాడు ఆడేది డిఫెండర్‌గా. ఇన్నేళ్లు పక్కన కూర్చుని చూసినా ఆ పనేమిటో నాకు ఈ మధ్యే అర్థమైంది. గోల్ వేసినవాణ్ణి అందరూ భుజాలకెత్తుకుంటారు. పది గోల్స్ ఆపినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. పదకొండోది జారిపోతే మాత్రం అందరి కళ్లూ వాడి మీదే. కూరలో ఉప్పు తగ్గిన రోజే వండిన మనిషి గుర్తొచ్చినట్టు. మనకి కొత్తగా చెప్పాలా!

రెండు రోజుల తర్వాత నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, డాన్ బర్న్ ఎవరో తెలుసా?" అన్నాడు. నాకేం తెలుసు! చెప్పమన్నాను. వాడు చెప్పినదీ, తర్వాత నేను కూర్చుని చదివి తెలుసుకున్నదీ కలిపి మీకూ చెబుతాను.

ఇంగ్లండులో ఉత్తరాన సముద్రపు ఒడ్డున బ్లైత్ అనే ఊరుంది. బర్న్ 1992లో అక్కడే పుట్టాడు. ఆ దగ్గర్లోని న్యూకాజిల్ యునైటెడ్ అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆ క్లబ్బు పిల్లల జట్టులోనే ఆడేవాడు. పదకొండేళ్లప్పుడు ఇక రావద్దన్నారు. పదమూడేళ్లప్పుడు ప్రమాదంలో కుడిచేతి ఉంగరపు వేలు పోయింది. కుర్రతనంలో సూపర్ మార్కెట్లో ట్రాలీలు తోశాడు. చుట్టుపక్కల చిన్న జట్లలో ఆడుకుంటూ డార్లింగ్టన్ అనే క్లబ్బుకి చేరాడు.

అక్కడ లీగులు మేడ మెట్లలా ఉంటాయి. పైన ప్రీమియర్ లీగులో 20 జట్లు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కో దాంట్లో 24 జట్లు. డార్లింగ్టన్ ఉన్నది నాలుగో అంచెలో. 2009 డిసెంబరులో, పదిహేడేళ్ల వయసులో బర్న్ దాని తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ సీజన్ అయ్యేసరికి డార్లింగ్టన్ పట్టికలో అట్టడుగున నిలిచి, ఆ నాలుగో అంచెలోంచి కూడా కిందికి పోయింది. ఉద్యోగంలో చేరిన ఏడాదే కంపెనీ బోర్డు దింపేసినట్టు.

అయినా అక్కడే ఆడాడు. 2011లో ఫుల్‌హామ్ అనే పెద్ద క్లబ్బు తీసుకుంది. తీసుకుని వేరే జట్లకు అప్పుగా పంపింది. అలా వెళ్లిన చోట ఒకటి యోవిల్, మూడో అంచె జట్టు. 2013లో వెంబ్లీ మైదానంలో ఆ జట్టు పై అంచెకు ఎక్కే ఫైనల్ ఆడితే, గెలిపించిన రెండు గోల్స్‌లో ఒకటి ఈ డిఫెండర్‌దే. తర్వాత విగన్‌తో ఒకసారి కిందికి దిగాడు, మరుసటి ఏడాదే దానితోపాటు పైకెక్కాడు. 2022 జనవరిలో, ఇరవై తొమ్మిదేళ్లప్పుడు, చిన్నప్పుడు వద్దన్న ఆ న్యూకాజిలే డబ్బిచ్చి తెచ్చుకుంది. 2025 మార్చిలో లీగ్ కప్ ఫైనల్లో తలతో గోల్ కొట్టాడు. 1955 తర్వాత ఆ క్లబ్బుకి స్వదేశంలో దక్కిన మొదటి పెద్ద కప్పు అది. అదే నెలలో, ముప్ఫై రెండేళ్ల వయసులో, ఇంగ్లండు జట్టుకు మొదటిసారి ఆడాడు.

నాకు ఆ కప్పు కంటే డార్లింగ్టనే ఎక్కువ మనసుకి పట్టింది. మన ఇళ్లల్లో పిల్లలకి అలాంటి చోటు మిగల్చం. ర్యాంకు వచ్చిందా, రాలేదా. సెలెక్టయ్యాడా, లేదా. మధ్యలో నిలబడి పని నేర్చుకునే మెట్టే ఉండదు. మా ఆడపడుచు కూతురు పాటల పోటీలో మొదటి రౌండు దాటలేదని వాళ్లు సంగీతం మాన్పించేశారు. ఇప్పుడు పండక్కి అందరం కూర్చున్నప్పుడు పాడమన్నా ఆ పిల్ల లేచి లోపలికి పోతుంది. పాడేవాళ్లందరూ టీవీలోకి వెళ్లాలని ఎవరన్నారు?

అలాగని ఆట కోసం పుస్తకాలు మూసెయ్యమని నేను చెప్పను. బర్న్‌లాగే పదకొండేళ్లకు ఇంటికి పంపిన మిగతా పిల్లల పేర్లు మనకెవరికీ తెలియవు. చాలామంది ఆ ఆట మీద బతకలేరు. డార్లింగ్టన్ క్లబ్బు కూడా 2012లో అప్పుల్లో మునిగి, చివరికి కొత్త పేరుతో నాలుగు అంచెలు కిందనుంచి మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. చిన్న క్లబ్బులో జీతం గ్యారంటీ ఏపాటిదో దాంతోనే తెలుస్తుంది. తల్లిగా నా భయం ఊరికే వచ్చింది కాదు.

కానీ వాడికి ఆ ఆట చాలని చెప్పే అధికారం ఒక లిస్టుకి ఉండకూడదు కదా. నేను పొయ్యి దగ్గర నిలబడి ఆ లిస్టుకి వంత పాడాను. అదే నేను చేసిన తప్పు. "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది నాన్నా" అని వాడితో అన్నాను. "పర్లేదులే అమ్మా" అని చిక్కుడుకాయల గిన్నె వైపు చూస్తూ ఉండిపోయాడు.

మావారితో మాట్లాడాను. "మార్చిలో పరీక్షలు పెట్టుకుని ఇప్పుడు ఆటేంటి?" అన్నారు ముందు. చివరికి ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. వారంలో ఐదు రోజులు చదువు. శని, ఆదివారాలు పొద్దున మా వీధి చివర కుర్రాళ్ల జట్టులో ఆట. వాళ్లకి అందరికీ ఒకే రంగు చొక్కాలు కూడా లేవు. పరీక్షలయ్యాక మళ్లీ సెలెక్షన్‌కి వెళ్లాలా వద్దా అన్నది వాడే చెప్పాలి. మా మార్కుల భయం వాడి నెత్తిన రుద్దకుండా ఉండటం మా వంతు. అదే కష్టంగా ఉంది, నిజం చెప్పాలంటే.

మొన్న ఆదివారం వాళ్ల జట్టు 3-1తో ఓడిపోయింది. మోకాలు దోక్కుపోయి, ఒళ్లంతా మట్టితో వచ్చాడు. వస్తూనే "ఏం వండావమ్మా?" అని అడిగి, రెండుసార్లు పప్పు వేయించుకుని తిన్నాడు.