హెచ్చరికయే కవచమా?

విషమని యెఱిగియు దానిని పానకమని యమ్మినవాడు దోషియా, నమ్మి కొని త్రాగినవాడు దోషియా? ఈ ప్రశ్నకు మన పల్లె రచ్చబండయైనను తడువుకొనక తీర్పు చెప్పగలదు. సిగరెట్ల విషయమున అమెరికా న్యాయస్థానములకు మాత్రము అర్ధశతాబ్దము పట్టినది.

1954 జనవరి 4వ తేదీన అచ్చటి సిగరెట్టు కంపెనీలు నాలుగువందలకు పైబడిన పత్రికలలో ఒక ప్రకటన వేయించినవి. తమ వ్యాపారమునందు ప్రజారోగ్యమే అన్నిటికంటె మిన్నయనియు, తమ సరకు హానికరము కాదని నమ్ముచున్నామనియు అందు పలికినవి. ఆ పలుకుల విలువ యెంతయో 2006లో వాషింగ్టను న్యాయస్థానము తేల్చినది. పొగవలని హానిని, నికోటిను వ్యసనమును కంపెనీలు దశాబ్దములపాటు తెలిసియే కప్పిపుచ్చినవని న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ నిర్ణయించిరి.

ఈ నడుమ వ్యాజ్యమాడినవారి గతి యేమి? 'నీ యిచ్చవచ్చి కాల్చితివి' యనుట కంపెనీల మొదటి జవాబు. 'పెట్టెపై హెచ్చరిక ముద్రించితిమి గదా' యనుట రెండవది. న్యూజెర్సీ గృహిణి యొకతె 1983లో దావా వేసి, మరుసటి యేటనే ఊపిరితిత్తుల కాన్సరుచే మరణించినది. 1988లో జ్యూరీ ఆమె భర్తకు 4 లక్షల డాలర్ల పరిహారమిప్పించగా అప్పీలు కోర్టు దానిని కొట్టివేసినది. 1992లో అమెరికా సుప్రీంకోర్టు, 1969 నాటి హెచ్చరికల చట్టమున్నందున, అటుపిమ్మటి ప్రకటనలలో చాలినంత హెచ్చరింపలేదను అభియోగము చెల్లదనినది. మోసము, నిజమును దాచుట యను అభియోగములు మాత్రము నిలుచుననినది. కాని ఖర్చులకు తాళలేక ఆ కుటుంబము వ్యాజ్యమునే మానుకొన్నది. రోగిని కాపాడవలసిన హెచ్చరిక కంపెనీకి కవచమైనది!

ఒంటరి పౌరునకు సాధ్యము కానిది రాష్ట్రములకు సాధ్యమైనది. పొగరోగుల వైద్యమునకు తమ ఖజానా భరించిన వ్యయమును కంపెనీలే చెల్లింపవలెనని 1994లో మొదట మిసిసిపీ రాష్ట్రము దావా వేసినది. 1998లో 46 రాష్ట్రములతో కుదిరిన రాజీ ప్రకారము 25 సంవత్సరములలో 20,600 కోట్ల డాలర్లు చెల్లించుటకు కంపెనీలు ఒప్పుకొన్నవి. అయితే వెంటనే ధర పెంచి ఆ భారమును కొనువారి నెత్తిననే వేసినవి.

మన సంగతి యేమి? 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము లోపముగల సరకునకు ఉత్పత్తిదారుని బాధ్యుని చేసినది. సంతోషము. కాని కొనువానికి తెలిసిన, తెలిసియుండవలసిన ప్రమాదమును గూర్చి హెచ్చరింపకున్నను బాధ్యత లేదని దాని 87వ సెక్షను చెప్పుచున్నది. మన సిగరెట్టు పెట్టెపై నూటికి 85 పాళ్లు హెచ్చరిక బొమ్మయే. ఆ బొమ్మయే రేపు కంపెనీ వకీలుచేతి తొలి సాక్ష్యము కాదా?

గుంటూరు, ప్రకాశము జిల్లాల పొగాకు రైతును మేము నిందింపము. అతడమ్మునది ఆకు, అబద్ధము కాదు. నిజమునెఱిగి దాచువారినిగూర్చియే మా మాట. హెచ్చరిక కొనువానికి మేలుకొలుపు కావలెను గాని, అమ్మువానికి క్షమాపత్రము కారాదు. ఇట్టి వ్యాజ్యములలో కంపెనీల లోపలి కాగితములు న్యాయస్థానమునకు రావలెను. మన ధర్మాసుపత్రులలో కాన్సరు రోగులకగు వ్యయము ప్రజల పన్నుల సొమ్మే గదా! కావున పౌరునకు శక్తి చాలనిచోట ప్రభుత్వమే వాదియై నిలువవలెను. శాసనకర్తలు ఈ విషయమున ఇకనైనను మేల్కొందురుగాక!