తాళంచెవి ఎవరి దగ్గర?

స్త్రీల హక్కుల పత్రికలో చిన్న కారు ఎంపిక మీద వ్యాసమేమిటని కొందరైనా నవ్వుకుంటారని తెలుసు. మా దేవరకొండ సంఘంలోనూ మొదట నవ్వే వచ్చింది. "కూలికి పోయేటోళ్ల సంఘానికి కారెందుకక్కా, మనమేమన్న దొరసాన్లమా?" అని ఒక సభ్యురాలు అడిగింది. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ కారు కోసం తిరిగిన ఈ ఏడాదిలో స్త్రీల రాకపోకల గురించి, ఆస్తి గురించి, చివరికి మన ఒంటి కొలతల గురించి కూడా నాకు తెలిసివచ్చిన సంగతులు చాలా ఉన్నాయి. వాటిని మీతో పంచుకోవాలని రాస్తున్నాను.

ఇదంతా ఒక రాత్రితో మొదలైంది. చందంపేట వైపు ఒక తండా నుంచి రాత్రి పది దాటాక ఫోను వచ్చింది. పెళ్లయి రెండేళ్లు కూడా నిండని అమ్మాయి. మొగుడు కొడితే చెయ్యి విరిగింది, పక్కింట్లో దాక్కుంది. ఆ వేళకు బస్సు లేదు. అంబులెన్సును పిలుద్దామంటే ఆ మోతకు తండా మొత్తం లేస్తుందని ఆ అమ్మాయి భయపడింది. దేవరకొండలో ఒక కిరాయి కారు మాట్లాడుకుని ఇద్దరం పోయాం. ఆమెను ఎక్కించుకుని ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి భర్త, బావ, ఇద్దరు పెద్దమనుషులు మాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. దారిలో బంకు దగ్గర ఆగినప్పుడు డ్రైవరే వాళ్లకు ఫోను చేశాడట. నిలదీస్తే, "చెప్పకుంటే రేపటి నుంచి నన్ను ఆ ఊర్లకు రానియ్యరు మేడం, నా బతుకెట్ల?" అన్నాడు. అతని భయం అతనిది. ఆ అమ్మాయి మాత్రం చేతికి కట్టు కట్టించుకుని తెల్లవారి అదే ఇంటికి తిరిగి పోయింది. మళ్లీ బయటికి రావడానికి ఆమెకు ఆరు నెలలు పట్టింది.

తర్వాతి సమావేశంలో బండి మాట వచ్చింది. మోటారు మనది కాకపోతే, నడిపే చెయ్యి మనది కాకపోతే, మనం ఇచ్చే ధైర్యం బంకు దాకానే పనిచేస్తుందని అందరికీ అర్థమైంది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మనకు ముందు కావాల్సింది బస్సే. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చాక, నల్లగొండ కోర్టు వాయిదాలకు చార్జీలు లేక ఆగిపోయేవాళ్లు మా దగ్గర తగ్గారు. దేవరకొండ నుంచి నల్లగొండ దాదాపు 60 కిలోమీటర్లు, హైదరాబాదు దాదాపు 110. ఆ దూరాన్ని మొగుణ్ణి డబ్బు అడగకుండా దాటగలగడం చిన్న విషయం కాదు. తండాలకు బస్సులు పెంచమని, చివరి బస్సు వేళ పొడిగించమని మనం అడుగుతూనే ఉండాలి. సంఘానికో కారు ఉన్నంత మాత్రాన ఆ డిమాండు తగ్గకూడదు. అయితే బస్సు వెళ్లని వేళలు, వెళ్లని దారులు ఉన్నాయి. ఆపద ఎక్కువగా ఆ వేళల్లోనే వస్తున్నది.

ఇక ఏ కారు? సలహాలకు కొదవ లేదు. అన్నలు, బావలు, మాకు విరాళమిచ్చే పెద్దమనుషులు అందరూ పెద్ద బండే తీసుకొమ్మన్నారు, ఎత్తుగా దర్జాగా ఉంటుందని. మాకు కావలసింది దర్జా కాదు. ఖిల్లా కింది పాత ఊరి సందుల్లో మలుపు తిరగాలి, అంగడి రోజు జనం మధ్య నుంచి పోవాలి, సాగర్ రోడ్డు మీదుగా ఎల్.బి. నగర్ చేరి, మలక్‌పేట రద్దీ దాటి, హైకోర్టు చుట్టుపక్కల ఇంత సందు దొరికితే నిలపగలగాలి. అంటే చిన్న కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను ఉన్న పెట్రోలు కార్ల మీద పన్ను తగ్గింది. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, పైన 1 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు 18 శాతం. మా పొదుపుకు కొత్త కారు అందడానికి ఇది కూడా కారణం.

తర్వాతిది మైలేజీ. దీన్ని మగవాళ్ల లెక్క అని వదిలేయకండి. కంపెనీలు ఆల్టో కె10కు లీటరుకు 24 కిలోమీటర్ల పైన, సెలేరియోకు 25 పైన, టియాగోకు 20కి అటూ ఇటూ అని చెబుతాయి. ఈ అంకెలు పరీక్షశాలలో, రోలర్ల మీద చక్రాలు తిప్పి, నిర్ణయించిన వేగాలతో కొలిచినవి. మలక్‌పేటలో మే నెలలో ఏసీ వేసుకుని, మొదటి గేరులో అంగుళం అంగుళం జరిగే కారుకు ఆ లెక్క అందదు. కాబట్టి కొనే ముందు ఆ కారు వాడుతున్న వాళ్లను అడగండి. కొన్న తర్వాత మీరే కొలవండి. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి, మళ్లీ నిండా పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే సంఘం అనుకుందాం. లీటరుకు 15 ఇచ్చే బండికి సుమారు 67 లీటర్లు, 20 ఇచ్చే బండికి 50 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయలనుకుంటే నెలకు 1,800 రూపాయల తేడా, ఏడాదికి 21,000 పైన. మా సంఘానికి ఆ డబ్బంటే ఎన్నో మెడికల్ పరీక్షలు, జిరాక్సులు, వాయిదాల రోజు తిండి ఖర్చులు. టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకోవడం, ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపేయడం, ఊరికే గట్టిగా తొక్కకపోవడం వల్ల కూడా ఆ తేడాలో కొంత చేతికొస్తుంది.

మైలేజీ లెక్క ముగిశాక అసలు పాఠం షోరూములో మొదలైంది. మాలో అందరికంటే పొట్టి మనిషిని, నాలుగడుగుల పది అంగుళాల మా కోశాధికారిని, వెంట తీసుకుపోయాం. అమ్మే అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు కానీ మా వెనక ఎవరైనా మగమనిషి వస్తున్నాడా అని తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. ఆమె మొదటి కారులో కూర్చుంది. క్లచ్ పూర్తిగా అందాలంటే సీటు బాగా ముందుకు జరపాలి, అప్పుడు స్టీరింగు రొమ్ముకు తగిలినంత దగ్గరవుతుంది. వెనక్కి జరిపితే కాలు అందదు, ముందున్న రోడ్డు కనపడదు. సీటు ఎత్తు పెంచే వీలు లేదా అంటే, అది ఖరీదైన రకంలోనే ఉంటుందన్నాడు. "కింద ఒక దిండు వేసుకోండి మేడం" అని సలహా ఇచ్చాడు.

ఇది దిండుతో తీరే సంగతి కాదు. ఎయిర్‌బ్యాగు సరిగ్గా కాపాడాలంటే దానికీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలంటారు. పొట్టిగా ఉండే స్త్రీలకు ఆ దూరం దొరకదు. కార్ల భద్రతను పరీక్షించే బొమ్మ 1970లలో సగటు అమెరికా మగవాడి కొలతలతో తయారైంది. స్త్రీ బొమ్మ పేరుతో చాలాకాలం వాడింది ఆ మగబొమ్మను కుదించిందే. సీటుబెల్టు పెట్టుకున్న స్త్రీలు అటువంటి ప్రమాదంలోనే ఉన్న మగవాళ్ల కంటే తీవ్రంగా గాయపడే అవకాశం 47 శాతం ఎక్కువని అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో లెక్క తేల్చారు. సగటు స్త్రీ శరీరాన్ని బట్టి పరీక్ష బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో గానీ బయటికి తీసుకురాలేదు. కారు పుట్టి అప్పటికి వందేళ్లు దాటింది. మన శరీరం ఎవరి లెక్కలోనూ లేదనే మాట సభల్లో ఎన్నోసార్లు అన్నాను. ఆ రోజు సీటులో కూర్చుని కాలు అందక చూస్తున్న మా కోశాధికారిని చూసినప్పుడు అది కళ్లకు కట్టింది.

కాబట్టి మైలేజీతో పాటు భద్రత అంకెలూ అడగండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు 2020లో టియాగోకు 4 నక్షత్రాలు, 2023లో ఆల్టో కె10కు 2 వచ్చాయి. ఆ తర్వాత 2025లో ఆల్టోకు ఆరు ఎయిర్‌బ్యాగులు చేర్చారు. మన దేశపు సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మీరు కొనే సంవత్సరంలో ఆ మోడలు సంగతి ఏమిటో చూసుకోండి. మేము చివరికి, లీటరుకు రెండు కిలోమీటర్లు తక్కువైనా సరే, పొట్టి మనిషి సరిగ్గా కూర్చోగల కారునే ఎంచుకున్నాం. ఏ కంపెనీదో రాయను, ఇది ప్రకటన కాదు గనక.

అప్పు కోసం పోయినచోట ఇంకొక ప్రశ్న ఎదురైంది. సంఘం రిజిస్టరైంది, ఏటా ఆడిట్ అవుతున్నది. అయినా "ఎవరైనా మగవాళ్లు జామీను ఉంటే బాగుంటది కదమ్మా" అన్నాడు అక్కడి అధికారి. అది రూలా అని రాతపూర్వకంగా అడిగితే, కాదని తేలింది. జామీను లేకుండానే అప్పు వచ్చింది. రాతపూర్వకంగా అడగడమనే అలవాటు ఎంత విలువైందో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

కాగితం మాట వచ్చింది కాబట్టి మన ఇళ్ల సంగతి కూడా చూడాలి. మా వైపు కట్నం మోటారు సైకిలు నుంచి కారుకు ఎక్కి చాలాకాలమైంది. తండ్రి రెండెకరాలు అమ్మి చిన్న కారు కొంటాడు, అల్లుడి పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. ఆ పిల్ల జన్మలో ఒక్కసారి కూడా డ్రైవరు సీటులో కూర్చోదు. ఇంట్లోంచి గెంటేసినప్పుడు ఆ కారు ఆమె ముందు నుంచే పోతుంది. 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం కూడా నేరమే, కాబట్టి ఇవ్వొద్దనేదే మొదటి మాట. స్త్రీధనం ఆమె సొంత ఆస్తి అని, భర్త దాన్ని తన దగ్గర ఉంచుకున్నంత మాత్రాన అతనిది కాదని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద స్త్రీధనాన్ని తిరిగి ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. కానీ మోటారు వాహనాల చట్టం ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే వారినే యజమానిగా చూస్తుంది. ఆ కాగితం మీద తన పేరు లేని అమ్మాయి, కారు తనదని నిరూపించుకోవడానికి పాత రసీదులు, సాక్షులను వెతుక్కుంటూ తిరగాలి. మా దగ్గరికి వచ్చిన అటువంటి కేసుల్లో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోయాయి. ఆమె సంపాదనతోనో, పుట్టింటి డబ్బుతోనో ఇంట్లోకి కారు వస్తుంటే, రంగు ఏదనే చర్చకు ముందు పేరు ఎవరిదనే చర్చ జరగాలి.

పేరుతో పాటు చెయ్యి కూడా కావాలి. 1990 నవంబరు 6న సౌదీ అరేబియాలోని రియాద్‌లో 47 మంది స్త్రీలు నిషేధాన్ని ధిక్కరించి కార్లలో ఊరేగారు, దానికి తగిన శిక్ష అనుభవించారు. అక్కడ స్త్రీలకు కారు నడిపే హక్కు రావడానికి 2018 జూన్ 24 దాకా పట్టింది. మనకు ఏ చట్టమూ అడ్డు లేదు. "నీకెందుకు, నేను దింపుతా కదా" అనే ప్రేమ మాటే చాలామందికి అడ్డు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సంస్థాన్ నారాయణపురం మండలం తండాలో పుట్టిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరు అయ్యారు. 2025 జూన్‌లో తెలంగాణ ఆర్టీసీలో మొదటి మహిళా డ్రైవరుగా హైదరాబాదు–మిర్యాలగూడ బస్సు నడిపారు. మన లంబాడీ బిడ్డ బస్సు నడపగలదని ఢిల్లీ గుర్తించిన పదేళ్లకు మనం గుర్తించాం.

మా సంఘంలో ఇప్పుడు నలుగురికి లైసెన్సులున్నాయి. నలభై ఆరేళ్ల వయసులో నేనూ నేర్చుకున్నాను, రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాను. దొరసాన్లమా అని అడిగిన ఆమె మా అందరికంటే బాగా నడుపుతుంది. ఆఫీసు గోడకు ఒక మేకు కొట్టి తాళంచెవి అక్కడ వేలాడదీశాం. పక్కనే లాగుబుక్కు ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లు అన్నది రాయాలి, ఎందుకు అన్నది రాయనక్కరలేదు. ఎవరి రహస్యం వారిదే. మొన్న నేరేడుగొమ్ము వైపు నుంచి రాత్రి ఫోను వచ్చింది. మా కోశాధికారి, ఆమె కలిసి పోయారు. ఆ వచ్చిన స్త్రీ ఎక్కడికి చేరిందో ఆ ఇద్దరికీ, నాకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

మీ సంఘంలో బండి ఉందా? ఉంటే ఎవరి పేరున ఉంది, ఎవరు నడుపుతున్నారు, రాత్రి పదకొండు గంటలకు తాళంచెవి ఎవరిని అడగాలి? మీ అనుభవాలు రాయండి. బండి కొనలేని సంఘాలు రెండు మూడు కలిసి ఒకటి కొనుక్కునే దారి ఏమైనా ఉందేమో, అది కూడా కలిసి ఆలోచిద్దాం.