వానలు దిగకముందే మా భద్రతకు ఏర్పాటు చేయండి

వినతిపత్రం

గౌరవనీయులైన తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లు, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థల అధ్యక్షుల దివ్య సముఖమునకు,

రెండు జిల్లాల పొదుపు సంఘాల సభ్యులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, కాలేజీ విద్యార్థినులు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

విషయం: వరద, తుపాను, కరువు సమయాల్లో స్త్రీలు, బాలికలపై జరిగే హింసను అడ్డుకోవడానికి రెండు జిల్లాల్లో నిపుణుల నియామకం, పునరావాస కేంద్రాల్లో రక్షణ ఏర్పాట్లు కోరుతూ.

అయ్యా, అమ్మా,

2021 నవంబరు 18న తిరుపతి వీధులు వంకలై పారాయి. కొండ మీది నీళ్లు కపిలతీర్థం దుమికి ఊళ్లోకి వచ్చాయి. ఘాట్ రోడ్లు మూసేశారు, స్వర్ణముఖి ఒడ్లు కోసుకుపోయింది. 19 తెల్లవారుజామున అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేటల మీద పడింది. ఆ వెంటనే 21న రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడిందని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కూలిన ఇళ్లు, మునిగిన పైరు, కొట్టుకుపోయిన గొడ్లు, వీటన్నిటికీ లెక్కలు రాశారు. ఆ రాత్రుల్లో ఆడవాళ్లు ఎక్కడ పడుకున్నారు, బయటికి వెళ్లడానికి చీకట్లో ఎంత దూరం నడిచారు, వయసొచ్చిన కూతుర్ని పక్కలో పెట్టుకొని ఎవరెవరు తెల్లారేదాకా మేలుకున్నారు అన్నది రాసుకోవడానికి నష్టపరిహారం ఫారంలో గడి లేదు.

ఈ మాట ఎత్తినప్పుడల్లా మాకు ఒకే జవాబు వస్తోంది: "మా కేంద్రంలో అట్లాంటి ఫిర్యాదు ఒక్కటీ రాలేదమ్మా." ఎట్లా వస్తుంది? ఇల్లు మునిగింది, ఫోను తడిసింది, ఆధార్ కార్డు నీళ్ల పాలైంది. రేపటి అన్నం పొట్లం ఎవరి చేతిలో ఉందో వాడి మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే ఏ తల్లి నోరు తెరుస్తుంది? చుట్టూ ఒకే హాల్లో ఊరంతా ఉంది, అత్తమామలున్నారు, పిల్లకు సంబంధం కుదిర్చిన వాళ్లున్నారు. కొట్టే మొగుడు కూడా ఆ చాప మీదే ఉన్నాడు. ఫిర్యాదు రాకపోవడాన్ని తాము భద్రతగా లెక్కవేయడం మాకు ఒప్పుకోదగ్గ విషయం కాదు.

ప్రపంచంలో ఈ పని చేసేవాళ్లు ఎప్పుడో ఈ లెక్క మార్చుకున్నారు. ఐక్యరాజ్యసమితి సంస్థలు, అంతర్జాతీయ సహాయ సంస్థలు కూడిన ఇంటర్ ఏజెన్సీ స్టాండింగ్ కమిటీ 2005లో మార్గదర్శకాలు ఇచ్చి, 2015లో వాటిని సవరించింది. అందులో ముఖ్యమైన సూత్రం ఒకటుంది. విపత్తు వచ్చిందంటే స్త్రీలపై హింస జరుగుతోందనే అనుకొని మొదటి రోజు నుంచే పనిలోకి దిగాలి, రుజువుల కోసం ఆగకూడదు. కలరా వస్తుందని తెలిసి ముందే నీళ్లలో క్లోరిన్ కలుపుతాం కదా, అట్లాగే ఇదీ.

ఈ భద్రత లేకపోతే మనుషుల ప్రాణాలే పోతాయని కూడా తమ దృష్టికి తేదలచాం. మన పొరుగు తమిళనాడులోని కడలూరులో 2004 సునామీకి 391 మంది స్త్రీలు, 146 మంది పురుషులు చనిపోయారని ఆక్స్‌ఫామ్ 2005లో లెక్క చెప్పింది. బంగ్లాదేశ్‌లో 1991 తుపానుకు ఆడవాళ్లు ఎక్కువగా పోవడానికి ఒక కారణం, మగవాళ్ల మధ్య మరుగు లేని తుపాను షెల్టర్లకు వెళ్లడానికి వాళ్లు వెనకాడడం. మన ఊళ్లలోనూ అంతే. చెరువు తెగుతుందని దండోరా వేసినా, ఎదిగిన ఆడపిల్లలున్న ఇల్లు చివరిదాకా కదలదు. గొడ్ల కోసమని పైకి చెబుతారు. బడిలో పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలన్న భయం లోపల ఉంటుంది. ఆ కేంద్రం మీద ఆడవాళ్లకు నమ్మకం కలిగితే, తమ తహసీల్దార్లు బతిమాలకుండానే ఊళ్లు ఖాళీ అవుతాయి.

విపత్తంటే వరద ఒక్కటే కాదని కూడా మనవి. 2020 లాక్‌డౌన్‌లో గృహహింస ఫిర్యాదులు పెరిగితే జాతీయ మహిళా కమిషన్ ఏప్రిల్‌లో వాట్సాప్ నంబరు తెరవాల్సి వచ్చింది. మన పడమటి మండలాల్లో కరువు తుపానులాగా ఒక్క రాత్రిలో వచ్చిపోదు, ఏళ్ల తరబడి తింటుంది. మగవాళ్లు బెంగళూరు పోతారు, అప్పు ఆడవాళ్ల నెత్తిన మిగులుతుంది, పని ఇప్పిస్తానని మధ్యవర్తి వస్తాడు. రాయలసీమ స్త్రీల అక్రమ రవాణాకు దారి వేసింది ఈ కరువే. తినే నోరు ఒకటి తగ్గించుకోవడానికి పిల్లకు చదువు మాన్పించి పెళ్లి చేయడం కూడా కరువు రోజుల్లోనే ఎక్కువ. కాబట్టి కరువు మండలాలుగా ప్రకటించిన చోట కూడా ఈ వినతిపత్రంలో అడిగినవన్నీ వర్తించాలి.

మేం కొత్త చట్టం అడగడం లేదు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 12వ సెక్షన్ కనీస సహాయ ప్రమాణాలు చెప్పమంది, వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలంది. 61వ సెక్షన్ సహాయంలో స్త్రీ పురుష భేదం, కుల భేదం చూపకూడదంది. 12వ సెక్షన్ ప్రకారం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ప్రమాణాలు ఇచ్చింది. మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలి. 30 మందికి ఒక మరుగుదొడ్డి, అదీ 50 మీటర్లకు మించని దూరంలో ఉండాలి. స్త్రీలకు వేరే మరుగుదొడ్లు, స్నానపు గదులు, శానిటరీ నాప్కిన్లతో కిట్లు ఇవ్వాలి. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. ఆ 50 మీటర్ల దారిలో కరెంటు పోయినప్పుడు దీపం ఉంటుందా, దొడ్డి తలుపుకు లోపలి నుంచి గడియ పడుతుందా, ఆడవాళ్ల దొడ్డి దారి మగవాళ్లు పేకాడే వరండా ముందు నుంచే పోతుందా అన్నది ఎవరైనా నడిచి చూస్తే తప్ప తెలియదు.

అందుకే మా ప్రధాన కోరిక ఇది. విపత్తుల్లో స్త్రీలపై హింసను నివారించే పనిలో అనుభవమున్న నిపుణురాలిని, ఆమె కింద చిన్న బృందాన్ని, రెండు జిల్లాలకూ కన్సల్టెంట్లుగా నియమించండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో దిగుతాయి, డిసెంబరు దాకా ఉంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సూళ్లూరుపేట వైపు ఏం చేసిందో చూశాం. అక్టోబరులో టెండరు పిలిస్తే లాభం లేదు. వేసవిలోనే నియామకం జరగాలి, సెప్టెంబరుకల్లా మండలాల్లో పని పూర్తి కావాలి.

ఆ పని ఎట్లా ఉండాలన్న దాని మీద మాకు గట్టి అభిప్రాయాలున్నాయి. దయచేసి శ్రద్ధగా వినండి. కన్సల్టెంటు అంటే పెద్ద ఊరి నుంచి కారులో వచ్చి, పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి "మీకేం జరిగింది" అని అడిగి, ఇంగ్లీషులో నివేదిక రాసి వెళ్లిపోయే మనిషి అయితే మాకు అక్కర్లేదు. బాధితురాలిని వెతికి కథ చెప్పించడం ఆమెకు మళ్లీ హాని చేయడమే. ఇట్లాంటి సమాచారం సేకరించేటప్పుడు పాటించాల్సిన నైతిక, భద్రతా సూత్రాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే ప్రకటించింది. సాయం అందించే ఏర్పాటు సిద్ధంగా లేనిచోట ఆ ప్రశ్నే వేయకూడదు. ఇంటింటి సర్వే చేసి బాధితుల జాబితా తయారు చేయమని ఏ ఒప్పందంలోనూ రాయవద్దు.

కన్సల్టెంటు చేయాల్సిన మొదటి పని నడవడం. పునరావాస కేంద్రాలుగా గుర్తించిన ప్రతి బడికి, కల్యాణ మండపానికి, తుపాను షెల్టరుకు ఆ ఊరి ఆడవాళ్లతో కలిసి రాత్రిపూట, లైట్లు ఆర్పించి వెళ్లాలి. ఎక్కడ భయమేస్తుందో వాళ్లే చూపిస్తారు. ఆ ఊరి ఆడవాళ్లలో యానాది, ఎస్సీ కాలనీల వాళ్లు తప్పక ఉండాలి. చెరువు కట్టల మీద, కాలవ గట్ల మీద బతికే యానాది కుటుంబాలే ముందు మునుగుతాయి. కేంద్రంలోకి చివరగా వచ్చేదీ, మూలన పడేదీ వాళ్లే. దివ్యాంగ బాలికలు, ట్రాన్స్‌జెండర్లు ఎక్కడ పడుకుంటారన్నది కూడా ఆ రాత్రే తేల్చాలి.

రెండో పని గొలుసు కట్టడం. బాధపడిన స్త్రీ ఎవరితో మొదట చెబుతుంది, ఆ మనిషి ఎవరికి ఫోను చేయాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, వంతెన తెగితే రెండో దారేది, ఇవన్నీ మండలానికొక కాగితంలో తేలాలి. అత్యాచారం జరిగిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితేనే హెచ్‌ఐవీని అడ్డుకోవచ్చు. గర్భం రాకుండా ఇచ్చే మందుకూ ఆలస్యం చేటే. స్వర్ణముఖి పొంగి ఉన్నప్పుడు తిరుపతి రుయా ఆసుపత్రికి రమ్మంటే ఎట్లా వస్తుంది? ఆ మందులు శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట, పలమనేరు, కుప్పం ఆసుపత్రుల్లో వానాకాలానికి ముందే నిల్వ ఉండాలి, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు అవి ఎక్కడున్నాయో తెలియాలి. ఆసుపత్రి చికిత్స నిరాకరిస్తే భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద నేరమని, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని పోలీసులకు, డాక్టర్లకు మళ్లీ గుర్తుచేయాలి. సఖి కేంద్రం, 181 హెల్ప్‌లైను, పిల్లల కోసం 1098, న్యాయ సేవాధికార సంస్థ, ఇవన్నీ ఇప్పటికే ఉన్నాయి. ఇవి వరద రోజున ఒకదానికొకటి అందేలా చేయడమే నిపుణుల పని.

మూడోది శిక్షణ. వీఆర్వో, మహిళా పోలీసు, వంట మాస్టరు, పడవ నడిపేవాడు, లారీ డ్రైవరు, విపత్తు దళం జవాను, అందరికీ ఇవ్వాలి. ఆడమనిషి వచ్చి ఒక మాట చెబితే పూర్తిగా వినాలి, ఎదురు ప్రశ్నలు వేయకూడదు, ఇంకొకరికి చెప్పకూడదు, ఆమె ఒప్పుకోకుండా పోలీసులను పిలవకూడదు. పిల్లల విషయంలో మాత్రం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరిగా తెలపాలి. ఈ తేడా అందరికీ తెలియాలి.

తిరుపతికి ఇంకొక బాధ్యత కూడా ఉంది. వరదలో చిక్కేది మనవాళ్లే కాదు, దర్శనానికి వచ్చి బస్టాండులో, సత్రంలో ఇరుక్కుపోయిన తమిళ, కన్నడ, మరాఠీ, హిందీ స్త్రీలు కూడా. వాళ్లకు ఊళ్లో ఒక్క మనిషీ తెలియదు. వాళ్ల భాషల్లో బోర్డులు, ఆ భాషలు వచ్చిన మహిళా సిబ్బంది ఉండాలని కోరుతున్నాం.

సాయం చేసేవాడే దోచుకోవడం కూడా ఉంది. 2002లో పశ్చిమాఫ్రికా శరణార్థి శిబిరాల్లో రేషన్ చూపి ఆడపిల్లలను లొంగదీసుకున్న వైనం బయటపడ్డాక, మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి తన సిబ్బందికి కఠిన నిబంధనలు పెట్టింది. మన దగ్గర వరదొస్తే ఎవరెవరో టీషర్టులు వేసుకొని వస్తారు, చాలామంది మంచివాళ్లే. అయినా ప్రతి వాలంటీరుకూ గుర్తింపు కార్డు, సంతకం చేసిన ప్రవర్తనా నియమావళి ఉండాలి. ఆడవాళ్ల గదుల్లోకి రాత్రిపూట మగవాలంటీర్లు అడుగుపెట్టకూడదు. సరుకుల పంపిణీ పొదుపు సంఘాల చేతికివ్వాలి. సాయం డబ్బు ఇంటి ఆడమనిషి ఖాతాలో పడాలి. మగవాడి చేతికి వెళ్లిన డబ్బు ఎన్ని ఇళ్లలో సారాయంగడికి చేరిందో మేం చూశాం.

నిపుణులు దూరం నుంచే రావాల్సిన పనిలేదు. 1983లో పుట్టిన శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో స్త్రీ అధ్యయనాల విభాగం ఉంది. 1981 నుంచి పనిచేస్తున్న రాస్ వంటి స్వచ్ఛంద సంస్థలున్నాయి. వాళ్లను కలుపుకోండి. అందరికన్నా తక్కువకు కోట్ చేసినవాళ్లకు కాకుండా క్షేత్రంలో పనిచేసినవాళ్లకు, తెలుగు వచ్చినవాళ్లకు ఈ పని ఇవ్వండి. ఆ బృందం డిసెంబరు చివరిదాకా ఈ జిల్లాల్లోనే ఉండాలి, ఆఖరి బిల్లు మాక్ డ్రిల్ చూసిన తర్వాతే చెల్లించాలి. నివేదిక తెలుగులో, సరిహద్దు ఊళ్లకు తమిళంలో కూడా రావాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. వాళ్ల వెంట తిరిగే మా ఆడవాళ్లకు రోజు కూలి ఇవ్వాలి. సేవ పేరుతో మాచేత ఊరికే పనిచేయించుకునే అలవాటు ఇకనైనా మానాలి.

డబ్బు లేదని అనవద్దు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిలో 10 శాతం సన్నద్ధతకు, సామర్థ్యం పెంచడానికి కేటాయించింది. ఆ పద్దు కింద ఈ ఖర్చు ప్రతిపాదించి రాష్ట్ర సంస్థకు పంపండి. చాలకపోతే నిర్భయ నిధి ఉంది.

ఈ విషయాల మీద రెండు జిల్లాల విపత్తు నిర్వహణ సంస్థల ప్రత్యేక సమావేశం ఏర్పాటు చేయాలని, దానికి పోలీసు, వైద్య ఆరోగ్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖల అధికారులతో పాటు ఒక్కో డివిజను నుంచి ఇద్దరు పొదుపు సంఘాల స్త్రీలను పిలవాలని, ఏ కోరికను ఎప్పటిలోగా అమలు చేస్తారో, చేయలేనిదేదో, ఎందుకో నెల రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల మహిళలు

ప్రతులు: రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు, రాష్ట్ర మహిళా కమిషన్‌కు, రెండు జిల్లాల పోలీసు సూపరింటెండెంట్లకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు.